ముందరికాళ్ళ బంధం

"నిన్నెవరాపారు?" అని నన్ను అడుగుతుంటారు. స్టాఫ్‌రూములో రిజర్వేషన్ల మాట వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళని చెప్పను. నా క్యారేజీలో కూర వేసుకుని తినేవాళ్ళే అడుగుతారు. "చదువుకున్నావు. బీఈడీ చేశావు. ఉద్యోగం వచ్చింది. నిన్నెవరాపారయ్యా?" నిజం చెప్పాలంటే నన్నెవరూ ఆపలేదు. ఆపితే నేనిక్కడ ఉండేవాణ్ణి కాదు. అయినా "ఎవరూ ఆపలేదు" అని జవాబు చెబితే అది అబద్ధమవుతుంది. ఒకే వాక్యంలో నిజమూ అబద్ధమూ ఎట్లా ఉన్నాయో తేల్చుకోటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తేల్చుకోటానికి సాయపడింది నేను పిల్లలకు చెప్పే ఇంగ్లీషే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని. మా వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి. పదో తరగతి పిల్లలకి పర్యాయపదాలు చెప్పేటప్పుడు ప్రివెంట్, అబ్‌స్ట్రక్ట్, హిండర్, ఇంపీడ్, హాంపర్, రిటార్డ్ అనే మాటలు ఒక గుంపుగా వస్తాయి. చిన్న నిఘంటువుల్లో ఏది తీసినా దాదాపు ఒకటే అర్థం కనపడుతుంది, ఆటంకపరచు అని. పరీక్షలో ఒకదాని బదులు ఇంకొకటి రాసినా మార్కు వేస్తాం. మార్కు వరకు సరే. కానీ ఆ మాటల్ని ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే, మనిషి ముందుకి పోతుంటే అడ్డొచ్చినవాడు ఎక్కడ నిలబడ్డాడు, చేత్తో ఆపాడా కాయితంతో ఆపాడా, అక్కడే ఉన్నాడా ఇంటికెళ్ళి పడుకున్నాడా అన్న సంగతులు వేరువేరుగా కనపడతాయి. ఆ తేడాలు తెలియకపోతే మనల్ని ఎవరు ఏం చేశారో మనమే చెప్పలేం.

గుంపులోంచి ముందు ప్రివెంట్‌ని పక్కకి తియ్యాలి. వాన మ్యాచ్‌ని ప్రివెంట్ చేసిందంటే మ్యాచ్ జరగనే లేదు. వాన మ్యాచ్‌ని హాంపర్ చేసిందంటే మ్యాచ్ జరిగింది. జారుతూ పడుతూ, ఆగుతూ సాగుతూ జరిగింది. హిండర్, ఇంపీడ్, రిటార్డ్ కూడా ఎక్కువగా ఇటువైపువే. పని ఆగిపోలేదు. కానీ పట్టాల్సిన దానికంటే ఎక్కువ కాలం పట్టింది. అబ్‌స్ట్రక్ట్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఎదురుగా అడ్డం నిలిచారు. దాటగలిగితే దాటొచ్చు, లేకపోతే అక్కడే ఆగాలి. "నిన్నెవరాపారు?" అనేవాళ్ళ మనసులో ఉన్నది ప్రివెంట్. నా బతుకులో జరిగింది మిగతా మాటలు. అందుకే వాళ్ళ ప్రశ్నా నా జవాబూ కలవవు.

ఈ మాటల పుట్టుక చూస్తే తేడా ఇంకా తేటపడుతుంది. అబ్‌స్ట్రక్ట్‌లో ఉన్నది స్ట్రక్చర్‌లో ఉన్న ధాతువే, కట్టడం, పేర్చడం. మనిషికి ఎదురుగా గోడ పేర్చడం అబ్‌స్ట్రక్ట్. ఇదే గుంపులో థ్వార్ట్ అని ఒక మాటుంది. దాని పాత అర్థం అచ్చంగా మన 'అడ్డం'. హిండర్‌లో ఉన్నది బిహైండ్‌లో ఉన్న మాట, అంటే వెనక పెట్టడం. రిటార్డ్‌లో నిదానం అని అర్థమిచ్చే లాటిన్ మాట ఉంది. ఇక ఇంపీడ్. దాని కడుపులో పాదం ఉంది. పెడల్‌లో, పెడెస్ట్రియన్‌లో ఉన్న పాదమే. లాటిన్‌లో దానర్థం పాదాలకి బంధం వెయ్యడం. దానికి ఎదురు మాట ఎక్స్‌పెడైట్, అంటే పాదాల బంధం విప్పడం. ఆఫీసు అర్జీల్లో మనం బతిమాలుతూ రాసే మాట అదే.

బీఈడీ చదివేటప్పుడు లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీసి ఇది చదివాను. నాకు మా అయ్య గుర్తొచ్చాడు.

మా అయ్య గుంటూరు జిల్లాలో ఒక ఆసామి దగ్గర ఇరవై ఏళ్ళు పాలేరు. వేలిముద్ర మనిషి. కానీ గొడ్డుని అదుపులో పెట్టటం ఎన్ని రకాలుగా ఉంటుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. గొడ్డు చేలో పడకుండా కంప అడ్డం వెయ్యటం ఒక రకం. పలుపుతో గుంజకి కట్టెయ్యటం ఇంకో రకం. పారిపోయే అలవాటున్న గొడ్డుకి మెడలో గుదికొయ్య వేలాడదీసేవాడు. అది నడిస్తే నడుస్తుంది. పరిగెత్తబోతే కొయ్య మోకాళ్ళకి కొట్టుకుంటుంది. నాలుగోది ముందరికాళ్ళ బంధం. ముందుకాళ్ళు రెండింటినీ కలిపి మధ్యలో జానెడు తాడు విడిచి కట్టేవాడు. మేత మేస్తుంది, నీళ్ళు తాగుతుంది, అడుగులో అడుగేస్తూ పోతుంది. పోతుంది గానీ ఎంత దూరమో పోలేదు.

కంపకీ బంధానికీ ఉన్న తేడా అయ్యే ఒకసారి చెప్పాడు. కంప వేస్తే రోజూ చూసుకోవాల్రా, ఎక్కడ సందు దొరికినా దూరుద్ది. బంధమేస్తే ఆ బాధ లేదు, చెట్టు కింద పడుకోవచ్చు అన్నాడు. గొడ్డుని గురించి చెప్పిన మాట అది. అబ్‌స్ట్రక్ట్‌కీ ఇంపీడ్‌కీ మధ్యనున్న తేడా అంతా అందులో ఉంది. అడ్డుకునేవాడు అక్కడ నిలబడాలి, కాబట్టి కనపడతాడు. కనపడితే వేలెత్తి చూపించొచ్చు, తిరగబడొచ్చు, కేసు పెట్టొచ్చు. బంధమేసినోడు అక్కడ ఉండక్కర్లేదు. తాడే వాడి పని చేసిపెడుతుంది. దూరంనుంచి చూసేవాళ్ళకి మేస్తున్న గొడ్డే కనపడుతుంది, తాడు కనపడదు. ఇదెందుకింత నిదానంగా నడుస్తుంది, బద్ధకం గొడ్డు అనుకుంటారు.

బడి దగ్గర నన్నెవరూ ఆపలేదు. గేటు తీసే ఉండేది. కాకపోతే తెల్లారగట్ల లేచి అయ్యతో పాటు ఆసామి కొట్టంలో పేడ తీసి, కుడితి పెట్టి, అప్పుడు బడికి పరుగెత్తాలి. వెళ్ళేసరికి ప్రార్థన అయిపోయేది. ఆలస్యంగా వచ్చినోళ్ళని మొదటి పీరియడ్ బయట నిలబెట్టేవాళ్ళు. మొదటి పీరియడ్ లెక్కలు. రెండేళ్ళపాటు సగం రోజులు లెక్కల పాఠం కిటికీలోంచి విన్నాను. లెక్కల మాస్టారికి నా మీద కోపం లేదు. అందరికీ ఒకటే రూలు అనేవాడు. ఆసామి నన్ను బడి మానమని ఎన్నడూ అనలేదు. ఒకేడు పుస్తకాలకి డబ్బులు కూడా ఇచ్చాడు. అయ్యకి నన్ను చదివించాలనే ఉంది. కానీ నా చెయ్యి లేకపోతే ఆయన పని తెమలదు. ఇందులో నేరస్తుణ్ణి చూపించమంటే ఎవర్ని చూపించను? లెక్కల్లో నాకొచ్చిన మార్కులు మాత్రం అందరూ చూశారు.

తర్వాత ఎస్సీ హాస్టల్లో ఉండి చదివాను. డిగ్రీలో స్కాలర్‌షిప్ మంజూరయ్యేది. కాయితం మీద ముందే వచ్చేది, చేతికి ఏడాది చివర వచ్చేది. పరీక్ష ఫీజు ఆఖరు తేదీ మాత్రం ఎవరికోసమూ ఆగేది కాదు. అమ్మ చెవికమ్మలు తాకట్టుకి పోయేవి. స్కాలర్‌షిప్ వచ్చాక వడ్డీ కట్టి విడిపించుకునేవాళ్ళం, మళ్ళీ ఏడు మళ్ళీ పెట్టేవాళ్ళం. ప్రభుత్వం నా చదువుకిచ్చిన డబ్బులో కొంత తాకట్టు కొట్టుకి పోయింది. ఈ నష్టం ఏ లెక్కలోనూ రాదు. రికార్డులో నేను పూర్తి స్కాలర్‌షిప్ పొందిన విద్యార్థిని.

2010లో బీఈడీలో చేరాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదని కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు ఇవ్వలేదు. ఆఫీసుకెళితే ఫైలు పైకి పోయిందన్నారు. పైకెళితే బడ్జెట్ రాలేదన్నారు. ఎవరూ ఇవ్వం అనలేదు. అందరూ ఇస్తాం అనే అన్నారు. ఇవ్వం అంటే ఏదో ఒక గొడవ చేసేవాళ్ళం. ఇస్తాం అన్నవాడితో ఏం గొడవ పడతాం? సర్టిఫికెట్లు చేతికొచ్చేసరికి 2012 డీఎస్సీ తేదీలు దాటిపోయాయి. మిరపతోటల్లో కూలికెళ్ళాను, ప్రైవేటు బడిలో చెప్పాను. 2014 నోటిఫికేషన్‌లో రాసి, 2016లో ఉద్యోగంలో చేరాను. అయ్య 2013లో పోయాడు.

నన్ను ప్రివెంట్ చెయ్యలేదు, నిజమే. నాలుగేళ్ళు రిటార్డ్ చేశారు. 2012లో ఎంపికైన నా తోటివాళ్ళు సీనియారిటీ లిస్టులో నాకు ముందున్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ముందే ఉంటారు. హిండర్ అంటే వెనక పెట్టడమని చెప్పాను కదా. తాడు విప్పాక కూడా ఆ వెనక అట్లానే ఉంటుంది.

ఇది నా ఒక్కడి కథ కాదని చెప్పటానికి మహద్‌కి వెళ్ళాలి. అంబేద్కర్ జీవితంలో చవదార్ చెరువు ఘట్టం మనందరికీ తెలుసు. కానీ తేదీలు వరసగా పెట్టి చూడండి. ప్రభుత్వ డబ్బుతో నడిచే బావులు, చెరువులు అంటరానివాళ్ళు కూడా వాడుకోవచ్చని బొంబాయి శాసనమండలి 1923లో బోలే తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ 1924లో తన చెరువు అందరికీ తెరిచామంది. హక్కు వచ్చింది. చెరువు దగ్గరికి మనిషి పోలేడు. భయం కాళ్ళకి బంధమైంది, ఇది ఇంపీడ్. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగాడు. తిరిగి పోతున్న జనం మీద కర్రలతో పడ్డారు, ఇది అబ్‌స్ట్రక్ట్. ఆ డిసెంబరులో మళ్ళీ సత్యాగ్రహానికి పిలుపిస్తే, అగ్రకులాలవాళ్ళు ముందుగానే కోర్టుకెళ్ళి తాత్కాలిక నిషేధపుటుత్తర్వు తెచ్చుకున్నారు, ఇది ప్రివెంట్. ప్రివెంట్ అనే మాటకి మూలార్థం ముందుగా రావడమే. ఆ తర్వాత కేసు నడిచింది. బొంబాయి హైకోర్టు 1937లో మనవైపు తీర్పు చెప్పింది. ఆ పదేళ్ళకి పేరు డిలే. ఒక్క చెరువు దగ్గర, గుక్కెడు నీళ్ళకోసం, మా పదో తరగతి పర్యాయపదాల పాఠం అంతా ఉంది. మనం పాటల్లో పాడుకునేది కర్రల సంగతి. కర్రలు ఒక్కరోజు ఆడాయి. కాయితాలు పధ్నాలుగేళ్ళు ఆడాయి.

చట్టం కూడా ముందు కర్రనే చూసింది. మనిషికి పోయే హక్కున్న దారిలో పోనివ్వకుండా అడ్డగిస్తే నేరమని 1860 నాటి పీనల్ కోడ్ 339వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 126వ సెక్షన్. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టంలో ప్రివెంట్, అబ్‌స్ట్రక్ట్ అనే రెండు మాటలూ ఉన్నాయి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేసినప్పుడు ఆ రెండు మాటల కిందా పెద్ద జాబితా రాశారు. బావి, కుళాయి, శ్మశానం, రోడ్డు, బడి, గుడి, ఆస్పత్రి, సైకిలెక్కడం, చెప్పులు తొడుక్కోవడం, కొత్తబట్టలు కట్టుకోవడం, పెళ్ళి ఊరేగింపులో గుర్రమెక్కడం - వీటిల్లో దేనికి అడ్డం నిలిచినా నేరం. ఆ జాబితా చదివితే ఏడుపొస్తుంది. ఒక్కొక్క మాట వెనక ఎన్ని ఊళ్ళలో ఎంతమంది దెబ్బలు తిన్నారో కదా. అయినా అది కనపడే అడ్డంకుల జాబితా. ముందు నిలబడ్డవాడి జాబితా.

బంధం సంగతి చట్టానికి కొంచెం ఆలస్యంగా తట్టింది. అదే చట్టంలో 4వ సెక్షన్ ఉంది. దళితేతరుడైన ప్రభుత్వోద్యోగి తన విధిని కావాలని నిర్లక్ష్యం చేస్తే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు. 2015 సవరణలో ఆ విధులేమిటో విప్పి రాశారు. 60 రోజుల్లో దర్యాప్తు పూర్తిచేసి ఛార్జిషీటు వెయ్యాలన్నది అందులో ఒకటి. విచారణ వీలైనంతవరకు 2 నెలల్లో ముగించాలని కూడా రాశారు. అంటే నిదానం కూడా నేరం కావచ్చని చట్టం ఒప్పుకుంది.

ఎందుకు ఒప్పుకోవాల్సి వచ్చిందో మా జిల్లావాళ్ళకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపారు. నాకప్పుడు మూడేళ్ళు. ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న తీర్పు చెప్పి, 21 మందికి యావజ్జీవం వేసింది. నేనప్పటికి డిగ్రీలో ఉన్నాను. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. నేనప్పటికి డీఎస్సీకోసం ఎదురుచూస్తున్నాను. బలపం పట్టనోణ్ణి బీఈడీ అయ్యేదాకా ఒక కేసు నడిచింది. ఆ మధ్యలో ఎంతమంది సాక్షులు ముసలివాళ్ళయ్యారో, ఎంతమంది పోయారో లెక్కపెట్టండి. వాళ్ళని సాక్ష్యం చెప్పొద్దని ఎవరూ అనలేదనుకుందాం. కాలం ఆ పని చేసిపెట్టింది.

అమెరికాలో నల్లవాళ్ళ కథలో కూడా ఈ రెండు రకాలూ పక్కపక్కనే కనపడతాయి. 1963 జూన్ 11న అలబామా యూనివర్సిటీ గుమ్మంలో ఆ రాష్ట్ర గవర్నర్ జార్జ్ వాలెస్ స్వయంగా నిలబడి ఇద్దరు నల్ల విద్యార్థులకి అడ్డమొచ్చాడు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. ఇంతా చేసి ఆయన ఆపగలిగింది కొన్ని గంటలు. ఆ రోజే పిల్లలిద్దరూ చేరారు. కానీ తెల్లపిల్లల్నీ నల్లపిల్లల్నీ వేరువేరు బళ్ళలో పెట్టకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు చెప్పింది. మరుసటేడు, 1955లో, ఆ తీర్పుని ఎట్లా అమలుచెయ్యాలో చెబుతూ ఆచితూచి వేగంగా చెయ్యమన్న అర్థంలో ఒక మాట వాడింది. వేగం అనే మాటా ఉంది, దానికి ముందు ఆచితూచి అనే మాటా ఉంది. దక్షిణాది రాష్ట్రాలు వేగాన్ని వదిలేసి ఆచితూచిని పట్టుకున్నాయి. 1963-64 నాటికి ఆ రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లపిల్లలు నూటికి ఇద్దరు కూడా లేరు. 1969లో అదే కోర్టు, ఇక ఆలస్యం చెల్లదు, వెంటనే చెయ్యండని చెప్పాల్సి వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ గవర్నర్ ఇద్దర్ని కొన్ని గంటలు ఆపాడు. ఒక్క విశేషణం లక్షలమందిని పధ్నాలుగేళ్ళు నిదానం చేసింది. ఫొటో మాత్రం గవర్నర్‌దే ఉంది. విశేషణాన్ని ఎవరు ఫొటో తీస్తారు?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆపడం పెద్ద తప్పా, నిదానం చెయ్యడం పెద్ద తప్పా? ఆపడమే పెద్దదని ఎవరైనా అంటారు. నేనూ ఒప్పుకుంటాను. కారంచేడులో, చుండూరులో చంపబడ్డవాళ్ళకి నడవటానికి దారే లేకుండా చేశారు. వాళ్ళ చావు పక్కన నా నాలుగేళ్ళు పెట్టి తూచే పని నేను చెయ్యను. కానీ నిదానం చెయ్యడం చిన్న తప్పు, తప్పే కాదు, అది వ్యవస్థలో మామూలు అనే మాట ఒప్పుకోను. డబ్బు ఆపితే బకాయిలతో కలిపి ఇవ్వొచ్చు. కాలం ఆపితే బకాయి ఇచ్చే ఆఫీసు ఎక్కడా లేదు. పైగా ఆలస్యానికి వయోపరిమితి తోడైతే అది నిషేధమే అవుతుంది. ఉద్యోగానికి ఆఖరు వయసు, ఫీజుకి ఆఖరు తేదీ, అప్పీలుకి ఆఖరు రోజు. ఆగేవాడికే ఇవన్నీ, ఆపేవాడికి ఏదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1998 డీఎస్సీలో అర్హత పొందిన కొందరికి 2023లో కాంట్రాక్టు పద్ధతిలో కొలువులిచ్చారు. పాతికేళ్ళు. రిటైర్‌మెంట్ దగ్గరపడ్డ వయసులో సుద్దముక్క చేతికిచ్చారు. వాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ పాతికేళ్ళు పొలమున్నవాడు ఒక రకంగా బతికాడు, పొలం లేనివాడు ఇంకో రకంగా బతికాడు. రోహిత్ వేముల 2016 జనవరిలో రాసిన చివరి ఉత్తరంలో తనకి రావాల్సిన 7 నెలల ఫెలోషిప్ లెక్క కూడా ఉంది. చావబోయే మనిషి ఆ లెక్క ఎందుకు రాశాడో నెల జీతమున్న ఇళ్ళవాళ్ళకి చప్పున తెలియదు.

అన్ని నిదానాలూ తప్పు కాదు. బడి ముందు స్పీడ్‌బ్రేకర్ మంచిదే. కోర్టు రెండు పక్షాల మాటా వినటానికి సమయం తీసుకోవాలి. నారు పోసిన రోజే కోత కొయ్యలేం. మరి మంచి నిదానాన్నీ చెడ్డ నిదానాన్నీ ఎట్లా వేరుచెయ్యాలి? నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఆగమన్నవాడికి కూడా ఆగినందువల్ల ఏమైనా పోతుందా? ఆగినంతకాలం లాభం ఎవరికి? ఈ ఆగడం అందరి మీదా సమానంగా పడుతుందా, ఒక వాడ మీదే పడుతుందా? స్పీడ్‌బ్రేకర్ కలెక్టర్ కారునీ నా సైకిల్నీ ఒక్కలాగే నిదానం చేస్తుంది. స్కాలర్‌షిప్ ఫైలు అట్లా చెయ్యదు.

"కావాలని చెయ్యలేదు" అనే జవాబు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నిజమే కావచ్చు. మా అయ్యకి ఆ గొడ్డు మీద ద్వేషమేం లేదు. దాన్ని పేరు పెట్టి పిలిచేవాడు, జబ్బు చేస్తే రాత్రంతా కూచునేవాడు. అయినా బంధమేశాడు. బంధం వెయ్యటానికి ద్వేషం అక్కర్లేదు. అందుకని "నీకు ద్వేషముందా?" అని ఆఫీసరుని అడగటం దండగ. "ఆ ముడి నీ చేతికి అందేచోట ఉందా? అందితే ఎందుకు విప్పలేదు?" అని అడగాలి. కట్టినవాళ్ళు ఎప్పుడో పోయారు. విప్పగలిగి విప్పనివాళ్ళు మన ఎదురుగా కుర్చీల్లో ఉన్నారు. ఇప్పుడా కుర్చీల్లో మనవాళ్ళు కూడా కొంతమంది ఉన్నారు. 4వ సెక్షన్ వాళ్ళకి వర్తించదు. ఈ ప్రశ్న వర్తిస్తుంది.

నిదానం చెయ్యడంలో ఇంకో అన్యాయం భాష చేసేది. రిటార్డ్ అనేది క్రియ. ఎవడో చేసేవాడుండాలి. దాన్నే విశేషణం చేసి మనిషికి తగిలిస్తే చేసినవాడు మాయమైపోతాడు, బాధపడ్డవాడికి తిట్టుగా మిగులుతుంది. ఆ మాట వల్ల కలిగే అవమానం తట్టుకోలేకే అమెరికాలో 2010లో కేంద్ర చట్టాల్లోంచి దాన్ని తీసేశారు. మన దగ్గర బ్యాక్‌వర్డ్ ఉంది, వెనకబడిన అనే మాట ఉంది. బడటం అంటే తనంతట తాను పడటంలా వినపడుతుంది. నెట్టినవాడి చెయ్యి ఆ మాటలో కనపడదు. దళిత అనే మాట మనం ఎందుకు పట్టుకున్నామంటే, తొక్కబడ్డాడు అని అందులో ఉంది. తొక్కబడ్డాడంటే తొక్కిన కాలు ఒకటుందని వినేవాడికి తట్టక తప్పదు.

బడిలో ఇప్పుడు ఆ మాట స్లో లెర్నర్. పదో తరగతి స్పెషల్ క్లాసులప్పుడు స్లో లెర్నర్ల జాబితా రాయాలి. నా తరగతి జాబితాలో ఎక్కువమంది ఎక్కడివాళ్ళో నేను చెప్పక్కర్లేదు. అందులో ఒక అమ్మాయి ఉంది. జనవరి నుంచి మిరపకోతలు. వాళ్ళమ్మతో పాటు పొద్దున్నే తోటకెళుతుంది, వారానికి మూడు రోజులు బడికొస్తుంది. చేతులు మంట పుడుతుంటే పెన్ను పట్టుకుంటుంది. పరీక్షలు మార్చిలో. ఆ అమ్మాయి నేర్చుకోవడంలో నిదానం లేదు. చెప్పింది ఒక్కసారికే పట్టుకుంటుంది. నేర్చుకోటానికి దొరికే రోజులు తక్కువ. కిందటేడు నేను ఆ జాబితాలో ఇంకో గడి గీశాను, దేనివల్ల నిదానం అని. ఆ అమ్మాయి పేరుకెదురుగా, మిరపకోతలు, 31 రోజులు అని రాశాను. ఇంకొకడి పేరుకెదురుగా, తమ్ముణ్ణి చూసుకోవాలి, తల్లి వలస అని రాశాను. ఇంకొకడికి, కళ్ళజోడు లేదు అని రాశాను. హెడ్‌మాస్టారు చూసి "ఈ గడి ప్రొఫార్మాలో లేదయ్యా" అన్నారు. లేదనే గీశానండీ అన్నాను. ఆయన సంతకం పెట్టారు. కళ్ళజోడు పది రోజుల్లో వచ్చింది. మిరపకోతలు ఆగలేదు, ఆ అమ్మాయికి సాయంత్రం గంట వేరే చెప్పటం మొదలెట్టాం, పాసయింది. జాబితాలో స్లో అని ఊరుకుంటే ఈ రెండూ జరిగేవి కావు.

అర్జీలు రాసే విద్యార్థులకీ, కార్యకర్తలకీ అందుకే ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. మన అర్జీల్లో "స్కాలర్‌షిప్పుల మంజూరులో జాప్యం జరిగింది" అని రాస్తున్నాం. జరిగింది అనకండి. వాన పడింది, పొద్దు గుంకింది, జాప్యం జరిగింది - మూడూ ఒకే తీరుగా వినపడతాయి. ఫలానా తేదీన ఫలానా బల్లమీదకొచ్చిన ఫైలు ఫలానా తేదీ దాకా అక్కడే ఉంది, ఆ బల్ల ఫలానా హోదావారిది, ఆ మధ్యలో పరీక్ష ఫీజు తేదీ ఫలానా రోజున దాటిపోయింది, ఫీజు కట్టలేనివాళ్ళు ఇంతమంది అని రాయండి. 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఆ తేదీలు తియ్యొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆపారా, అడ్డుపడ్డారా, వెనక్కి నెట్టారా, కాళ్ళు కట్టారా, ఏది చేస్తే ఆ మాటే రాయండి. ఆ వాక్యంలో కర్తని వదిలిపెట్టకండి. తెలుగులో కర్త లేకుండా వాక్యం రాయడం చాలా తేలిక, ఇన్నాళ్ళూ అందరూ మనగురించి అట్లానే రాశారు.